తక్కువ బడ్జెట్‌లో గేమింగ్ కంప్యూటర్: విడిభాగాలు ఏ వరుసలో ఎంచుకోవాలి

"అరవై వేలున్నాయి, ఏ ప్రాసెసర్ కొనమంటారు?" పరీక్షలు అయిపోయిన మర్నాటి నుంచి నాకు వచ్చే ఫోన్లన్నీ ఈ మాటతోనే మొదలవుతాయి. ప్రాసెసర్‌తో మొదలుపెట్టిన కొనుగోలు ఎలా నడుస్తుందో చాలాసార్లు చూశాను. ప్రాసెసర్ ఘనంగా వస్తుంది. దానికి తగ్గ బోర్డు (భాగాలన్నిటినీ కలిపే మదర్‌బోర్డు) వస్తుంది. గ్రాఫిక్స్ కార్డు దగ్గరకు చేరేసరికి జేబు పలచబడుతుంది. లోపలి భాగాలకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ మాట వచ్చేసరికి "ఏదో ఒకటి వేసేయండి" అని తేలిపోతుంది.

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో ఉన్నవాళ్లకు ఇంకో మూడు చిక్కులు. కరెంటు నిలకడగా ఉండదు. ఎండాకాలంలో గదులు కుంపట్లవుతాయి. భాగం పాడైతే చాలాసార్లు విశాఖ దాకా మోసుకెళ్లాలి. పెద్ద నగరాలవాళ్లు చేసే వీడియోల్లో ఈ మూడింటి ఊసే ఉండదు.

అందుకని ఇక్కడ వరుస తిరగేస్తున్నాను. గోడలోని సాకెట్ ఒక కొస, బల్ల మీది మానిటర్ ఇంకో కొస. ఆ రెండూ తేల్చుకుని లోపలికి వద్దాం. ప్రాసెసర్ వంతు ఐదోది.

1. ముందు కాగితం, తర్వాత దుకాణం

నాలుగు సంగతులు రాసుకోకుండా ఎవరినీ ధర అడగకండి.

□ మీరు రోజూ ఆడే మూడు ఆటలు. వీడియోలో చూసి ముచ్చటపడినవి కాదు, నిజంగా ఆడేవి. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి ప్రాసెసర్ మీద ఎక్కువ ఆధారపడతాయి. సైబర్‌పంక్ 2077 లాంటివి గ్రాఫిక్స్ కార్డును పిండేస్తాయి.

□ ఇంట్లో మానిటర్ ఉందా? ఉంటే దాని రిజల్యూషన్ (తెర మీది చుక్కల సంఖ్య) ఎంత, ఎన్ని హెర్ట్జ్ (సెకనుకు ఎన్ని బొమ్మలు చూపుతుంది)?

□ ఇదే కంప్యూటర్ మీద ఇంకెవరు ఏమి చేస్తారు? చెల్లెలి ఆన్‌లైన్ క్లాసులు, నాన్నగారి లెక్కలు కూడా పనులే.

□ చేతిలో ఉన్న మొత్తంలో ఏమేం కలిశాయి? పెట్టె (క్యాబినెట్, దాని లోపలి భాగాలు) ఒక్కటేనా? మానిటర్, కీబోర్డు, మౌస్, హెడ్‌సెట్, యూపీఎస్, విండోస్ కూడా అందులోనేనా?

నాలుగో ప్రశ్న దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. పెట్టెకే అంతా ఖర్చుపెట్టేసి, పదేళ్ల నాటి మానిటర్‌కు తగిలించుకుని, యూపీఎస్ వచ్చే నెల చూద్దామనుకుంటారు. ఆ వచ్చే నెల ఎప్పటికీ రాదు.

ధరల అంకెలు నేను ఇవ్వను. 2025 చివరి నెలల నుంచి ర్యామ్ (నడుస్తున్న పనిని పట్టి ఉంచే మెమరీ), ఎస్‌ఎస్‌డీల (ఆటలు, ఫైళ్లు దాచే నిల్వ) ధరలు పెరిగిన తీరు చూశాక, ఈ రోజు రాసిన అంకె వచ్చే నెలకు చెల్లుతుందన్న నమ్మకం పోయింది. దాని బదులు వాటాలు చెబుతాను. పెట్టె ఒక్కదానికే వంద రూపాయలున్నాయనుకుంటే నేను పంచే తీరు ఇది:

గ్రాఫిక్స్ కార్డుకు 35 నుంచి 40
ప్రాసెసర్‌కు 15
మదర్‌బోర్డుకు 11 లేదా 12
ర్యామ్, ఎస్‌ఎస్‌డీ రెండింటికీ కలిపి 20 నుంచి 25
ఎస్‌ఎంపీఎస్‌కు 8
క్యాబినెట్‌కు 5

ర్యామ్ మరీ మండిపోతున్న రోజుల్లో దాని వాటా పెంచక తప్పదు. ఆ కోత ప్రాసెసర్‌కు వేయండి, బోర్డుకు వేయండి. ఎస్‌ఎంపీఎస్‌కు మాత్రం వేయవద్దు.

2. గోడ సాకెట్ దగ్గర మొదలుపెట్టండి

కంప్యూటర్ ఎక్కడ పెడతారో ఆ సాకెట్‌ను ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించండి. పది నిమిషాల పని.

మూడో పిన్నుకు నిజంగా ఎర్తింగ్ ఉందా అన్నది మొదటి ప్రశ్న. చాలా పాత ఇళ్లలో రంధ్రం ఉంటుంది, వెనక తీగ ఉండదు. క్యాబినెట్ ఇనుప భాగం మీద చేయి పెడితే జివ్వుమనడం దాని గుర్తు. మీటర్ పెట్టినప్పుడు ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 230 వోల్టుల చుట్టుపక్కల చూపాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టుల లోపు ఉంటే మంచిది.

సాయంత్రం ఏడు, ఎనిమిది గంటల మధ్య వోల్టేజీ ఎంతకు పడిపోతోందో కూడా చూసి రాసుకోండి. ఊరి చివర కాలనీల్లో, పల్లెల్లో ఈ అంకె బాగా ముఖ్యం. ఎస్‌ఎంపీఎస్ కొనేటప్పుడు దీనితో పని పడుతుంది.

3. మానిటర్

24 అంగుళాలు, 1080పీ (1920×1080 చుక్కలు), ఐపీఎస్ ప్యానెల్ (పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారని తెర), 100 హెర్ట్జ్ లేదా అంతకంటే ఎక్కువ. ఈ బడ్జెట్‌లో ఇంతకు మించి ఆలోచించాల్సింది లేదు.

పాత 60 హెర్ట్జ్ మానిటర్‌నే ఉంచుకుంటే తప్పు లేదు. అయితే లెక్క మారుతుందని గుర్తుంచుకోండి. ఆ తెర సెకనుకు 60 బొమ్మలే చూపగలదు. మీ కార్డు 140 తీసినా కంటికి కనిపించేది ఆ 60 లోపే. అలాంటప్పుడు ఖరీదైన కార్డు కొనడం కంటే ఓ మెట్టు కింది కార్డు, కొత్త మానిటర్ కలిపి తీసుకోవడం మేలు.

హాల్లో టీవీకి తగిలిస్తామంటారు కొందరు. కథ నడిచే ఆటలకు ఫరవాలేదు, టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేసుకుంటే చాలు. పోటీగా కాల్చే ఆటలకు మాత్రం టీవీ పనికిరాదు. మౌస్ కదిపిన కాసేపటికి తుపాకీ కదులుతుంది.

4. గ్రాఫిక్స్ కార్డు: తొందరపడకూడని చోటు

పెట్టెలో పెద్ద వాటా దీనిదే. ఆట నడిచే తీరును ఎక్కువగా తేల్చేదీ ఇదే. కాబట్టి ఒక వారం దీనికే కేటాయించండి.

మొదటి నియమం: కొత్తగా కొంటుంటే 8 జీబీ మెమరీకి తక్కువ వద్దు. 1080పీకి ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌ఎక్స్ 7600, ఆర్‌టీఎక్స్ 4060, ఆర్‌టీఎక్స్ 5050 వరుసలో మీ బడ్జెట్‌కు దొరికింది చూడండి. నాలుగూ 8 జీబీవే. ఇంటెల్ ఆర్క్ బీ580లో 12 జీబీ ఉంటుంది కానీ దానికి బయాస్‌లో (విండోస్ కంటే ముందే నడిచే బోర్డు సెట్టింగుల్లో) రీసైజబుల్ బార్ అనే సదుపాయం ఆన్ అయి ఉండాలి. పాత ప్రాసెసర్లతో అది తడబడుతుంది. కొత్త బోర్డు, కొత్త ప్రాసెసర్ తీసుకునేవాళ్లే దాని జోలికి వెళ్లాలి.

రెండో నియమం: పేరు చదివి మోసపోకండి, పూర్తి మోడల్ చదవండి. మన దుకాణాల్లో తరచూ తగిలే ఉచ్చులు ఇవి:

• "4 జీబీ గ్రాఫిక్స్ కార్డు" అని జీటీ 730 అంటగట్టడం. మెమరీ నాలుగు జీబీ ఉన్నా లోపలి చిప్‌కు ఇప్పటి ఆటలు నడిపే సత్తువ లేదు. ట్రాక్టర్ ట్రాలీని మోపెడ్‌కు కట్టినట్టు.

• ఆర్‌టీఎక్స్ 3050 పేరుతో రెండు రకాలున్నాయి. 8 జీబీది 130 వాట్లు, 6 జీబీది 70 వాట్లు. రెండోదాంట్లో మెమరీతో పాటు లోపలి కోర్లు కూడా తక్కువే. పేరు ఒకటే కదా అని ధర పోల్చకండి.

• ఆర్‌ఎక్స్ 580 2048ఎస్‌పీ. అసలు ఆర్‌ఎక్స్ 580లో 2,304 స్ట్రీమ్ ప్రాసెసర్లు (బొమ్మ లెక్కలు చేసే చిన్న యూనిట్లు) ఉంటాయి, ఇందులో 2,048. అంటే ఇది ఆచరణలో ఆర్‌ఎక్స్ 570.

• ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ. ఇది బోర్డుతో నాలుగే లేన్ల (డేటా దారుల) మీద మాట్లాడుతుంది. బోర్డు లేదా ప్రాసెసర్ పీసీఐఈ (కార్డును బోర్డుకు కలిపే దారి) 3.0 తరానిదైతే ఇంకా నెమ్మదిస్తుంది.

రెండు కార్డుల మధ్య ఊగిసలాట ఉంటే ఒక చిన్న లెక్క వేయండి. మీరు ఆడే మూడు ఆటల్లో 1080పీ వద్ద సగటు ఫ్రేములు (కార్డు సెకనుకు తీసే బొమ్మలు) చూసి, కార్డు ధరను ఆ సంఖ్యతో భాగించండి. ఉదాహరణకు 20,000 రూపాయల కార్డు 80 ఫ్రేములు ఇస్తే ఫ్రేముకు 250 రూపాయలు. 26,000 కార్డు 95 ఇస్తే ఫ్రేముకు దాదాపు 274. రెండోది వేగమైనదే, కానీ పెట్టిన డబ్బుకు మొదటిదే గిట్టుబాటు. ఈ లెక్క దుకాణం కౌంటర్ దగ్గర వేస్తే ఎదుటివాళ్ల మాట తీరు మారడం నేను చూశాను.

వాడిన కార్డు కొనవచ్చా? కొనవచ్చు, మూడు షరతుల మీద. అసలు బిల్లు ఉండాలి. కార్డు మీది సీరియల్ నంబరు, బిల్లు మీది నంబరు ఒకటే కావాలి. మీ కళ్ల ముందు అరగంట సేపు భారీ ఆట నడవాలి. ఆ అరగంటలో తెర మీద చుక్కలు, గీతలు వచ్చినా, ఫ్యాన్ గరగరలాడినా నమస్కారం పెట్టి వచ్చేయండి. "ఇంటికి తీసుకెళ్లి చూసుకోండి, బాగానే ఉంటుంది" అనే మాట వినగానే లేచి నిలబడటం మంచిది.

5. ప్రాసెసర్

గ్రాఫిక్స్ కార్డు తేలిందంటే ప్రాసెసర్ సగం దానంతట అదే తేలుతుంది. పైన చెప్పిన కార్డుల పక్కన రైజెన్ 5 5600 కానీ, కోర్ ఐ5-12400ఎఫ్ కానీ చాలు. రెండింట్లోనూ 6 కోర్లు (పనిచేసే భాగాలు), 12 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు). బాక్స్ ప్యాక్ తీసుకుంటే కూలర్ కూడా లోపలే వస్తుంది. చేయి బాగా బిగబట్టాల్సి వస్తే 4 కోర్ల ఐ3-12100ఎఫ్‌తోనూ ఆటలు నడుస్తాయి. ఆట ఆడుతూ వెనక స్ట్రీమింగ్ చేయాలంటే మాత్రం ఆరు కోర్లు కావాలి.

ఇంటెల్ పేరు చివర ఎఫ్ ఉంటే లోపల బొమ్మ చూపించే చిప్ ఉండదు. రైజెన్ 5 5600లోనూ ఉండదు. వీటితో గ్రాఫిక్స్ కార్డు లేకుండా తెర వెలగదు.

డబ్బు రెండు విడతల్లో సమకూరుతుందనుకునేవాళ్లకు వేరే దారి ఉంది. ఇప్పుడు రైజెన్ 5 5600జీ కొని, కార్డు ఆరు నెలల తర్వాత కొనుక్కోవచ్చు. దాంట్లో సొంత గ్రాఫిక్స్ ఉన్నాయి, సెట్టింగులు తగ్గిస్తే వాలరెంట్ హాయిగా నడుస్తుంది. దానికి బదులు ఒకటి వదులుకుంటారు. 5600లో 32 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) ఉంటే 5600జీలో 16 మాత్రమే. రేపు కార్డు పెట్టాక కొన్ని ఆటల్లో ఈ తేడా కనిపిస్తుంది. అది తెలిసి తీసుకుంటే బాధ లేదు.

ఇక "ఐ7 గేమింగ్ సెట్" గురించి. నల్ల గాజు, ఏడు రంగుల ఫ్యాన్లు, 16 జీబీ ర్యామ్, ఐ7 ప్రాసెసర్, అన్నీ కలిపి నమ్మలేనంత తక్కువ ధర. మీరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "ఐ7లో ఎన్నో తరం?" రెండోదో, మూడోదో, నాలుగోదో అని తేలుతుంది. అవి కార్యాలయాల నుంచి తీసేసిన కంప్యూటర్ల లోపలివి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ తరం నుంచే పనిచేస్తుంది. విండోస్ 11 మీద వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ మొదలయ్యేలా చూసేది) రెండూ తప్పనిసరి. అంటే ఆ పాత ఐ7 మీద అడ్డదారిన విండోస్ 11 ఎక్కించినా వాలరెంట్ తలుపు తీయదు. ఇప్పటి ఐ3 చాలా ఆటల్లో ఆ పాత ఐ7ను దాటిపోతుంది.

6. మదర్‌బోర్డు

దీని మీద ఎక్కువ పెట్టకండి, మరీ తక్కువ కూడా పెట్టకండి. రైజెన్ 5600కు బీ550 మంచి జోడీ. బీ450, ఏ520 కూడా పనిచేస్తాయి. ఐ5-12400ఎఫ్‌కు హెచ్610 సరిపోతుంది, వెసులుబాటు ఉంటే బీ660.

చూడాల్సినవి:

□ హెచ్610 బోర్డుల్లో కొన్ని డీడీఆర్4 రకం ర్యామ్‌వి, కొన్ని డీడీఆర్5వి. మోడల్ పేరు చివర డీ4 ఉందేమో చూడండి. ఒకదాని ర్యామ్ ఇంకోదాంట్లో దూరదు.

□ పాత స్టాకు బీ450 అయితే రైజెన్ 5000 వరుసకు బయాస్ అప్‌డేట్ అయి ఉందా? దుకాణంలోనే ఆన్ చేయించి చూడండి.

□ ఇంటెల్ బోర్డుకు సాకెట్ పిన్నులు బోర్డు మీదే ఉంటాయి. డబ్బు ఇవ్వకముందే నల్ల మూత తీయించి, ఫోన్ లైటు వేసి ఏటవాలుగా చూడండి. పిన్నులన్నీ ఒకే వైపు, నాటు వేసిన మడిలా వరుసగా మెరవాలి. ఒక్క చోట వరుస చెదిరినా వేరే బోర్డు అడగండి. వంగిన పిన్నుకు వారంటీ రాదు.

7. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ

16 జీబీ కావాలి, 8 జీబీల స్టిక్కులు రెండుగా. ఒకే 16 జీబీ స్టిక్కు వేస్తే డ్యూయల్ ఛానల్ (రెండు దారుల్లో ఒకేసారి డేటా నడవడం) పనిచేయదు, ఫ్రేములు పడిపోతాయి. ముఖ్యంగా 5600జీ వాడేవాళ్లకు ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే దాని గ్రాఫిక్స్ కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటాయి. డీడీఆర్4లో 3200 వేగం, సీఎల్16 (స్పందనలో ఆలస్యాన్ని చెప్పే అంకె) అడగండి.

ధరలు చుక్కలనంటుతున్నప్పుడు ఇప్పటికి ఒక స్టిక్కు, తర్వాత ఇంకోటి అనుకోవడం సహజం. అలా కొనాల్సి వస్తే మొదటిదాని పూర్తి మోడల్ సంఖ్య భద్రంగా రాసి పెట్టుకోండి. రెండోది అచ్చంగా అదే కావాలి.

ఎస్‌ఎస్‌డీ ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం తీసుకోండి. ఎం.2 (బోర్డు మీదే గుచ్చే సన్నటి బద్ద) ఆకారంలోనే నెమ్మదైన సాటా ఎస్‌ఎస్‌డీలు కూడా వస్తాయి, ఆకారం చూసి పొరబడకండి. కొన్ని ఆటలు ఒక్కొక్కటే 100 జీబీ దాటుతున్నాయి కాబట్టి 500 జీబీ తొందరగా నిండిపోతుంది. వీలైతే 1 టీబీ. కుదరకపోతే 500తో మొదలుపెట్టి, రెండు ఎం.2 స్లాట్లున్న బోర్డు ఎంచుకోండి.

8. ఎస్‌ఎంపీఎస్: ఇక్కడ పిసినారితనం పనికిరాదు

మా వీధిలో ఒక అబ్బాయి సిద్ధంగా అమ్మే గేమింగ్ సెట్ కొన్నాడు. ఆట మొదలుపెట్టిన పది నిమిషాలకు కంప్యూటర్ దానంతట అదే ఆగి మళ్లీ మొదలయ్యేది. దుకాణంవాళ్లు రెండుసార్లు విండోస్ ఎక్కించి పంపారు. మూడోసారి వాళ్లమ్మగారు నన్ను పిలిచారు.

వెనక నాలుగు మరలు విప్పి ఎస్‌ఎంపీఎస్ బయటికి తీశాను. చేతిలో ఎండుకొబ్బరి చిప్పంత బరువు కూడా లేదు. పైన ఎర్రటి పెద్ద అక్షరాల్లో 500 వాట్లు అని ఉంది. పక్కకు తిప్పితే చిన్న పట్టిక. అందులో 12 వోల్టుల గడి కింద 16 ఆంపియర్లు. పన్నెండును పదహారుతో గుణించమన్నాను. అబ్బాయి వేళ్ల మీద లెక్కపెట్టి "నూట తొంభై రెండు" అన్నాడు. "మరి ఐదు వందలేవి మావయ్యా?" అని అడిగాడు.

ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తాగేది 12 వోల్టుల దారిలోనే. అక్కడ 192 వాట్లే ఉంటే, ఆట బరువెక్కగానే అది చేతులెత్తేస్తుంది. మంచి 550 వాట్లది తెచ్చి పెట్టాక ఆ కంప్యూటర్ మళ్లీ ఆగలేదు. విండోస్ తప్పు ఏనాడూ లేదు.

మీరు కొనేటప్పుడు ఆ పట్టికే చదవండి:

□ 12 వోల్టుల గడిలో 40 ఆంపియర్లకు పైగా ఉండాలి. 12ను 43తో గుణిస్తే 516, అంటే పెట్టె మీద రాసిన 550కి దగ్గర. నమ్మవచ్చు.

□ 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు, అంటే కరెంటు వృథా తక్కువన్న ధ్రువీకరణ.

□ ఇన్‌పుట్ దగ్గర 100–240 వోల్టులు అని ఉందా, 200–240 అని ఉందా? సాయంత్రం మీ ఇంట్లో 200 కిందికి పడుతుంటే రెండోది వద్దు. రెండో అడుగులో రాసుకోమన్న అంకె ఇందుకే.

□ గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే 6+2 పిన్నుల తీగ సొంతంగా ఉండాలి. పాత మోలెక్స్ (4 పిన్నుల) తీగకు అడాప్టర్ తగిలించి 8 పిన్నులు చేస్తామంటే ఒప్పుకోకండి. కాలిన వాసన వచ్చేది ఆ అతుకు దగ్గరే.

ఎన్ని వాట్లు కావాలి? ఆర్‌ఎక్స్ 6600కు 132, రైజెన్ 5 5600కు ఎక్కువలో ఎక్కువ 90, మిగతా అన్నిటికీ 50. కలిపితే 270 చుట్టుపక్కల. 550 వాట్లది తీసుకుంటే అది సగం బరువు మీద చల్లగా నడుస్తుంది, రేపు కార్డు మార్చుకున్నా సరిపోతుంది. 750 అవసరం లేదు.

9. క్యాబినెట్

ముందు వైపు జాలీ ఉన్నది తీసుకోండి. ముందంతా గాజు మూసినది అందంగా ఉంటుంది, మే నెలలో లోపల పప్పు ఉడుకుతుంది. గది వేడి ఎంత పెరిగితే లోపలి భాగాల వేడి కూడా దాదాపు అంత పెరుగుతుంది. ఏసీ లేని గదిలో ఆడేవాళ్లకు గాలి ఆడటమే ముఖ్యం. ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి లాగాలి, వెనక ఒకటి బయటికి నెట్టాలి. వాటికి రంగుల లైట్లు ఉన్నా లేకపోయినా ఫ్రేములు మారవు.

కార్డు పొడవు, క్యాబినెట్‌లో పట్టే పొడవు రెండూ మిల్లీమీటర్లలో సరిచూసుకోండి. ఈ ఒక్క కారణంతో దుకాణానికి తిరిగి వెళ్లినవాళ్లున్నారు.

కళింగపట్నం, భోగాపురం వైపు సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్లకు ఒక మాట. ఉప్పు గాలి, తేమ కలిసి లోపలి దుమ్మును బంకలా మారుస్తాయి. వానాకాలంలో కంప్యూటర్‌ను వారాల తరబడి ఆపి ఉంచకండి. వారానికి రెండుసార్లైనా ఓ గంట నడిపితే తేమ ఆరుతుంది.

ఇంకోటి. వెనక స్లాట్ల మూతలు పోగొట్టుకోకండి. బల్లులకు వెచ్చటి చోటంటే మహా ఇష్టం. ఫ్యాన్‌లో బల్లి ఇరుక్కుని చచ్చిన కంప్యూటర్ ఒకటి శుభ్రం చేశాను. ఆ పూట అన్నం తినబుద్ధి కాలేదు.

10. యూపీఎస్, ఇన్వర్టర్

యూపీఎస్ మీద పెద్దగా రాసేది వీఏ. మీరు చూడాల్సింది వాట్లు. మామూలుగా దొరికే 600 వీఏది దాదాపు 360 వాట్లే ఇస్తుంది. ఆట మధ్యలో పెట్టె, మానిటర్ కలిపి 300 దాకా లాగుతుంటే, బ్యాటరీ కాస్త పాతబడగానే అది ఆగిపోతుంది. 1000 వీఏ, 600 వాట్ల వరుసలో తీసుకోండి. అది ఆట కొనసాగించడానికి కాదు, ఆటలోంచి బయటికొచ్చి కంప్యూటర్ పద్ధతిగా ఆపడానికి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అది సైన్ వేవ్ రకమో (గోడ కరెంటులాగే నున్నటి తరంగం ఇచ్చేదో) కాదో చూడండి. చాలావాటికి యూపీఎస్ మోడ్ అనే మీట ఉంటుంది. అది వేస్తే కరెంటు పోయినప్పుడు మార్పు వేగంగా జరిగి కంప్యూటర్ ఆగకుండా ఉంటుంది.

తుపాను హెచ్చరికలున్న రోజుల్లో, పిడుగులు పడుతున్నప్పుడు ప్లగ్గు తీయడంతో పాటు ఇంటర్నెట్ తీగ కూడా ఊడదీయండి. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న తీరం దాటింది, తిత్లీ 2018 అక్టోబర్ 11న. అక్టోబర్ మన జిల్లాలకు ఎలాంటి నెలో వేరే చెప్పక్కర్లేదు.

11. ఎక్కడ, ఎలా కొనాలి

విజయనగరం దుకాణాల్లో ల్యాప్‌టాప్‌లు, ప్రింటర్లు, కెమెరాలు దండిగా దొరుకుతాయి. గ్రాఫిక్స్ కార్డుల్లో ఎంపిక తక్కువ. విశాఖ ద్వారకానగర్ వెళితే ఎంచుకోవడానికి వీలుంటుంది. మా ఊరి నుంచి 60 కిలోమీటర్ల చిల్లర, పొద్దున్న వెళ్లి సాయంత్రానికి వచ్చేయవచ్చు. శ్రీకాకుళం వాళ్లకు ఒక రోజు పూర్తిగా పోతుంది. కాబట్టి బయలుదేరకముందే ఫోన్‌లోనే కొటేషన్ తెప్పించుకోండి.

ఆ కొటేషన్ ఎలా ఉండాలో చూడండి. "16 జీబీ ర్యామ్, 8 జీబీ గ్రాఫిక్స్, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్" అని రాసిస్తే అది కొటేషన్ కాదు, శుభలేఖ. ప్రతి వరుసలో కంపెనీ పేరు, పూర్తి మోడల్ సంఖ్య, వారంటీ ఎన్నేళ్లు, జీఎస్టీ కలిపిన ధర ఉండాలి. "ర్యామ్: ఫలానా కంపెనీ, ఫలానా మోడల్, 8 జీబీ రెండు, డీడీఆర్4 3200, సీఎల్16" అని ఉంటేనే ఇంకో దుకాణంతో పోల్చగలరు.

"బిల్లు వద్దంటే కొంత తగ్గిస్తాం సార్" అనే మాట తప్పకుండా వస్తుంది. ఈ భాగాల మీద జీఎస్టీ 18 శాతం, తగ్గింపు అక్కడి నుంచే. ఆశపడకండి. రెండేళ్ల తర్వాత కార్డు చచ్చిపోతే ఆ కాగితమే మిమ్మల్ని కాపాడాలి. బిల్లులో ప్రతి భాగం సీరియల్ నంబరు రాయించుకోండి.

ఆన్‌లైన్‌లో దసరా, దీపావళి మధ్య తగ్గింపులుంటాయి. నెల రోజుల ముందు నుంచే ధర రాసుకుంటూ ఉంటే ఏది నిజం తగ్గింపో తెలుస్తుంది. పార్శిల్ విప్పేటప్పుడు మొదటి టేపు కోయడం దగ్గర నుంచి ఆపకుండా వీడియో తీయండి. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజు మాత్రం డెలివరీ పెట్టుకోకండి. మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా ఆ జనంలోంచి కొరియర్ బండి రావడం అమ్మవారి వల్లే కావాలి.

కొనే క్రమం కూడా ముఖ్యం. అన్నీ వారం పది రోజుల వ్యవధిలో చేతికి అందేలా చూసుకోండి. ఈ నెల బోర్డు, మూడు నెలలకు ప్రాసెసర్ అని కొంటే, బోర్డు మొదటి నుంచీ చెడ్డదని తెలిసేనాటికి మార్చి ఇచ్చే గడువు దాటిపోతుంది.

12. మొదటి రోజు పరీక్షలు, తరచూ జరిగే పొరపాట్లు

బిగించాక ఈ వరుసలో చూడండి.

తెర వెలగలేదా? మానిటర్ తీగ మదర్‌బోర్డు వెనక పెట్టారేమో చూడండి. అది కింద అడ్డంగా ఉన్న గ్రాఫిక్స్ కార్డుకు తగిలించాలి. నన్ను పిలిచిన ఇళ్లలో సగం చోట్ల ఇదే మందు.

ఆట అనుకున్నంత వేగంగా లేదా? టాస్క్ మేనేజర్‌లో మెమరీ వేగం చూడండి. 2133 అనో 2400 అనో ఉంటే బయాస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయలేదన్నమాట. ఆన్ చేస్తే 3200కు వస్తుంది.

నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్కులు పక్కపక్కనే పెట్టారా? ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో దాంట్లో, నాలుగో దాంట్లో పెట్టండి.

మానిటర్ 60 దగ్గరే ఆగిందా? విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 100కో 144కో మీరే మార్చాలి, దానంతట అది మారదు.

అరగంట ఆడాక వేడి ఎంత? హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చూడండి. గ్రాఫిక్స్ కార్డు 80 డిగ్రీల లోపు ఉంటే నిశ్చింత. రైజెన్ 5600 హద్దు 90 డిగ్రీలు. అక్కడికి చేరుతుంటే కూలర్ సరిగ్గా కూర్చోలేదని అర్థం. దాని అడుగున ప్లాస్టిక్ పొర ఉంటే తీయడం మరిచారేమో కూడా చూడండి. నవ్వకండి, నేనూ ఒకసారి మరిచాను.

చివరి పరీక్ష యూపీఎస్‌ది. ఆట నడుస్తుండగా గోడ మీట ఆపేయండి. కంప్యూటర్ ఆగకుండా నిలబడితే మళ్లీ మీట వేయండి. ఆగిపోతే, ఆ యూపీఎస్‌కూ మీ ఎస్‌ఎంపీఎస్‌కూ పొంతన కుదరలేదు. బిల్లు తాజాగా ఉండగానే దాన్ని వెనక్కి తీసుకెళ్లండి.